నాలుగో రోజు కడిగిన జల్లెడలు

మొదటి రోజు

నా చీటీ తగిలింది! నా చీటీయే! కొత్తరేవులో నలభై దాటినవాళ్లం నూట ఎనభై మందిమి. కుండలో నూట ఎనభై చీటీలు. అందులోంచి నాది, అదీ దాలినాయుడి ఇంటికి! "సన్యాసి" అని పేరు చదవగానే సభలో అందరి ముందూ పకపకా నవ్వేశాను. అరవై మూడేళ్లవాడిని, ముందు పళ్లు రెండు లేవు, కాస్త సిగ్గుపడాల్సింది. పడలేదు. ఇంటికొచ్చి మా అమ్మాయి చినుకుని ఎత్తి గిర్రున తిప్పబోయాను. "నాన్నా! కడుపుతో ఉన్నాను, దించు!" అని కేకలు పెట్టింది. ఐదో నెల నా తల్లికి! ఆ సంతోషం ఒక పక్క, ఈ సంతోషం ఒక పక్క. ఒక్క మనిషి ఇన్ని సంతోషాలు ఎక్కడ పెట్టుకుంటాడు?

సరే, నియమం ప్రకారం రాస్తాను. ఈ దినచర్యను ఎనిమిదో రోజు సభలో నేనే పైకి చదవాలి. రాసింది కొట్టెయ్యకూడదు, కాగితం చింపకూడదు. మామూలుగా ఏదైనా గోడకి చెబితే గోడే రాసి దాచిపెడుతుంది. ఈ ఒక్క పనికి మాత్రం గోడ పనికిరాదు, చేత్తోనే రాయాలి. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు వంకరపోతాయి. పోనీ. దాలినాయుడూ, నువ్వు ముందు వరుసలో కూర్చుని ఉంటావు. ఇది నీకోసమే రాస్తున్నాను. విను.

నీ మనవరాలు సత్యవేణికి మూడో నెల. "ఈ బిడ్డ నాకు వద్దు, తీయించుకుంటాను" అని అర్జీ పెట్టింది. మన ఊరంటే ఈ కప్పు కింద బతికే నాలుగు వందల మంది. కప్పు దాటితే పీల్చడానికి గాలి లేదు. కాబట్టి పుట్టే ప్రతి ప్రాణం మీదా ఊరికి హక్కుందని మన పెద్దలు రాసుకున్నారు. అర్జీ పెట్టిన ఆడమనిషి చేసే పనిని చీటీ తగిలినవాడు ఏడు రోజులు చెయ్యాలి. ఆ ఏడు రోజులూ ఆమెకు విశ్రాంతి. ఆమె బరువు వాడి భుజం మీద పడ్డాక, ఎనిమిదో రోజు వాడు "సరే" అనాలి, కాకపోతే "కూడదు" అనాలి. ఒక్కటే మాట, తిరుగులేదు. వాడికి పేరు పనిసాక్షి.

ముప్పై ఏళ్ల కిందట నా భార్య నూకాలు ఇలాగే అర్జీ పెట్టింది. అప్పటి పనిసాక్షివి నువ్వు. "కూడదు" అన్నావు. నూకాలు కానుపులో పోయింది.

ఇప్పుడు పనిసాక్షిని నేను. ఏడు రోజులు ఎందుకు, నా మాట ఇప్పుడే చెప్పగలను. కూడదు! కూడదు! రాస్తుంటేనే ఎంత హాయిగా ఉంది!

ఈ రోజు పని: పాచి మడికి పద్నాలుగు డబ్బాల నీళ్లు మోశాను. పాచి వడకట్టే జల్లెడలు నాలుగు కడిగాను. నేను మంచుగనిలో పనిచేసినవాడిని, ముప్పై ఐదేళ్లు రాయి కొట్టాను, నాకు ఇదో లెక్కా అనుకున్నాను.

రెండో రోజు

నడుము వంగడం లేదు. రాయి కొట్టడం వేరు, ఇది వేరు. డబ్బా ఎత్తి అరవై మెట్లు దిగాలి. నీళ్లు తొణికితే మెట్లు జారతాయి. మడి దగ్గర వంగి, పాచి చెదరకుండా సన్నటి ధారగా పొయ్యాలి. ఆ పచ్చటి పాచి వదిలే గాలినే ఊరంతా పీలుస్తోంది. వేణి మడి ఒక్కటే పన్నెండు మందికి ఊపిరి.

ఆ పిల్ల పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, పాచి వడియాలు నములుతూ నన్నే చూస్తోంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. తాత పోలిక ఏమీ లేదు, నోరు తప్ప.

"తాతా, జల్లెడ అలగ పట్టుకుంతే నీళ్లు నీ లాగూలోకే పోతాయి."

"నువ్వు విశ్రాంతి తీసుకోవాలే గుంటా. నోటికి కూడా."

"నోటికి విశ్రాంతి అని నియమంలో రాయలేదు కదేటి."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. శత్రువు ఇంటి పిల్ల దగ్గర నవ్వకూడదు. జల్లెడ విదిలిస్తూ అడిగాను, "ఎందుకు వద్దు నీకు? బిడ్డ తండ్రి, ఆ కుర్రాడు, మంచివాడు కాదా?"

"మంచోడే."

"ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉంది."

"మరేటి?"

"కారణం చెప్తే సరే అంతావా?"

"వింటాను."

"మరైతే చెప్పను. నూకాలమ్మ చెప్పింది కదా, గుండె దడనీ, కాళ్లు వాచినాయనీ, అంతకు ముందు బిడ్డ దక్కని కానుపులో నెత్తురంతా పోయిందనీ. అన్నీ చెప్పింది. విన్నారేటి? నాకు వద్దు. అంతే నా కారణం."

నా భార్య పేరు ఆ ఇంటి పిల్ల నోట వినగానే నాకు ఒళ్లు మండింది. ఇంకో రెండు డబ్బాలు ఎక్కువే మోశాను.

సాయంత్రం చినుకు నా వీపుకి నూనె రాసింది. రాస్తూ రాస్తూ ఉలిక్కిపడి, నా చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల కదిలింది! చిన్న తన్ను! నేను ఏడ్చాను. ఇది కూడా రాయాలా అంటే, రోజులో జరిగిందంతా రాయాలన్నారు కదా, రాస్తున్నాను. నా మనవడో మనవరాలో నా అరచేతిని తన్నింది! సభలో అందరూ వినండి!

మూడో రోజు

ఈ రోజు కూడా పద్నాలుగు డబ్బాలు, నాలుగు జల్లెడలు. అరచేతులు బొబ్బలెక్కాయి.

మధ్యాహ్నం మడి గట్టు మీద కూర్చుని ఆ పాత దినచర్య మళ్లీ చదివాను. దాలినాయుడు రాసింది. ముప్పై ఏళ్లు నిండిన దినచర్యను ఇంటివాళ్ల చేతికి ఇచ్చేస్తారు. ఐదు నెలల కిందట నాకు ఇచ్చారు. రోజూ చదువుతున్నాను, అంతా నోటికి వచ్చేసింది. గుండ్రటి చక్కటి అక్షరాలు నాయుడివి. నేను గనిలో ఇరవై రోజుల వంతులో ఉండగా రాసినది. అప్పట్లో దినచర్యను సభలో పైకి చదివే నియమం లేదు, ఒక్క మాట చెప్పి కాగితం పెట్టెలో వేసేసేవాళ్లు.

"మొదటి రోజు: నీళ్లు మోశాను. పని తేలిక. రెండో రోజు: నీళ్లు మోశాను, జల్లెడలు కడిగాను. మూడో రోజు: అదే. నాలుగో రోజు: జల్లెడలు కడిగాను, మడికి నీళ్లు పోశాను. ఐదో రోజు: అదే. ఆరో రోజు: అదే. ఏడో రోజు: అదే. పని తేలిక. ఆమె మోయగలదు. కూడదు."

అంతే. నా భార్య ప్రాణం అరకాగితం కూడా నిండలేదు.

ఊరి రిజిస్టరులో ఇంకో వాక్యం ఉంది. "నూకాలు, ఇరవై తొమ్మిదేళ్లు. మోయగలిగినది. స్వంత అజాగ్రత్త వలన కానుపులో మృతి." ఆ మాట తీసెయ్యమని ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను. ఏటా అడుగుతాను. పనిసాక్షి స్వయంగా సభలో తన తప్పు ఒప్పుకుంటే తప్ప రిజిస్టరులో అక్షరం మారదంటారు. ముప్పై ఏళ్లు దాటిన వాటి మీద విచారణ కూడా లేదంటారు.

అందుకే అనుకున్నాను, ఎనిమిదో రోజున సభలో నాయుడి మాటలే నాయుడికి అప్పజెబుతానని. పని తేలిక, ఆమె మోయగలదు, కూడదు. అచ్చంగా అవే. గొంతు కూడా నాయుడి గొంతులాగే పెట్టాలని మెట్ల మీద సాధన చేశాను. ఒక డబ్బా పారబోసుకున్నాను.

నాలుగో రోజు

బొబ్బలు చితికాయి. అక్షరాలు చూసి నవ్వకండి.

పొద్దున్నే జల్లెడలు పట్టుకుని మడి దగ్గరికి వెళ్లాను. తలుపు దగ్గర అసిరమ్మ అడ్డంగా నిలబడింది. మడులన్నిటికీ విత్తనమిచ్చే పెద్ద తొట్టి ఆమె అధీనంలోనే ఉంటుంది. నాకు వరసకు మరదలు అవుతుంది, అరవైకి దగ్గర పడింది.

"ఓలమ్మో! జల్లెడట్టుకొని ఎక్కడికి బావా?"

"మడికి."

"నాలుగో నాడు మడి ముట్టుకుంతారేటి ఎవులైనా? ఊరందర్నీ చంపెత్తావేటి?"

నాకు అర్థం కాలేదు. గనిలో బతికినవాడిని, మడి పని నాకేం తెలుసు? అసిరమ్మ నన్ను కూర్చోబెట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. విత్తనం చల్లిన నాలుగో రోజు పాచి అడుగు గుడ్డకి అంటుకుంటుంది. ఆ ఒక్క రోజు నీళ్లు పోసినా, జల్లెడ తగిలినా, మడి మొత్తం నల్లబడి చచ్చిపోతుంది. ఆ రోజు తలుపు మూసి దూరంగా ఉండాలి. పనిసాక్షి ఎప్పుడూ కొత్త విత్తనం చల్లిన రోజునే పనిలోకి దిగుతాడు గనక, ఎవరి దినచర్యలోనైనా నాలుగో రోజు ఖాళీయే.

"ఎప్పట్నుంచి ఈ పద్ధతి?"

"మా అమ్మమ్మ కాలం నుంచీ ఇంతే. పాచికి కొత్త పద్ధతీ పాత పద్ధతీ ఉంతాయేటి బావా?"

చొక్కా జేబులోంచి నాయుడి కాగితం తీసి చూపించాను. ఆమె పెదవులు కదుపుతూ చదివింది. నాలుగో రోజు దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. కాగితం మడిచి నా జేబులో పెట్టింది.

నూకాలు మడి చావలేదు. చచ్చి ఉంటే ఊరికి గాలి తగ్గేది, ఆ సంవత్సరం అందరూ చెప్పుకునేవాళ్లు. అంటే నాయుడు నాలుగో రోజు మడి దగ్గరికి రాలేదు. నాలుగో రోజు ఏం చెయ్యకూడదో కూడా తెలియనివాడు మిగతా రోజులు మాత్రం ఎందుకు వచ్చి ఉంటాడు? ఒక్క రోజు వచ్చి ఉన్నా నూకాలే ఆ సంగతి చెప్పేది.

మరి ఆ ఆరు రోజులూ డబ్బాలు ఎవరు మోశారు?

"అప్పట్లో ఒక్కో మడీ, దాని మెట్లూ ఒక్కో తలుపు వెనకాల ఉండేవి బావా. లోపల ఎవులున్నారో ఎవులికీ తెలిసేది కాదు," అంది అసిరమ్మ.

ఐదో రోజు

పద్నాలుగు డబ్బాలు చాలన్నారు. ఇరవై మోశాను. డబ్బాకో తిట్టు తిట్టాను నిన్ను. ఆ తిట్లు ఇక్కడ రాయడం లేదు, సభలో ఆడపిల్లలుంటారు. కానీ అవన్నీ నాకు గుర్తున్నాయి నాయుడూ, కావాలంటే విడిగా వచ్చి వినిపిస్తాను.

ఆరో రోజు

నాయుడే వచ్చాడు. డెబ్భై ఐదేళ్లవాడు, మీసానికి ఇంకా రంగు వేస్తాడు. మనవరాలిని లోపలికి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"సన్యాసీ, పాత సంగతులు మనసులో పెట్టుకోకు. నువ్వు కూడదంటావని ఊరంతా అనుకుంతన్నారు. అను. మా ఇంట్లో ఇంకెవులున్నారు? నా కొడుకూ కోడలూ కప్పు చిరిగిన నాడు పోయినారు. ఈ గుంట ఒక్కర్తే ఉంది. దీని కడుపులోదే నా ఇంటి దీపం."

నేను ఊహించింది వేరు. నేను "కూడదు" అంటే నాయుడు గుండె బాదుకుంటాడనుకున్నాను. వాడికి కావాల్సిందే అది! మూడో రోజున మెట్ల మీద నేను సాధన చేసిన మాట వాడికి బహుమానం!

"నాలుగో నాడు జల్లెడలు కడిగినావు కదా నాయుడూ?" అన్నాను.

వాడికి వెంటనే అర్థమైపోయింది. వాడి చెయ్యి మీసం మీదే ఉండిపోయింది.

"ఎవులు చెప్పినారు?"

"మడే చెప్పింది."

బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు. తర్వాత చెప్పాడు. మొదటి రోజు మొదటి డబ్బాకే వాడికి కాలు బెణికిందట. నూకాల్ని పిలిచి, "నీ పని నువ్వే చేసుకో, నాను సరే అని రాసెత్తాను" అన్నాడట. ఆమె ఒప్పుకుందట. ఒప్పుకోక ఏం చేస్తుంది? ఆమె తలరాత వాడి చేతిలో ఉంది. ఉబ్బిన కాళ్లతో, ఆ అరవై మెట్లూ, రోజుకు పద్నాలుగు సార్లు.

"మరి సరే అని ఎందుకనలేదు?"

"చేసింది కదరా! ఆరు రోజులూ చేసింది, పడిపోలేదు, నిలబడే ఉంది. మోయగలదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను సన్యాసీ, ఒట్టు."

మాట నిలబెట్టుకుందామని ఆమె చేసిన పనినే ఆమె మీద సాక్ష్యంగా వాడాడు. నా చేతిలో డబ్బా ఉంది. నిండు డబ్బా. వాడి నెత్తిన వెయ్యడానికి ఒక్క అడుగు చాలు. వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ తెలియడం లేదు.

అప్పుడు వాడు తలెత్తి అన్నాడు, "అయినా ఒక మాట. ఆవేళ నాను సరే అని ఉంటే నీకు చినుకు ఉండేదా? చెప్పు. ఆ పిల్లని రోజూ నెత్తినెట్టుకుని తిరుగుతావు. నా కూడదు వల్లే కదా అది నేల మీదున్నది? న్యాయానికి నువ్వు నా కాళ్లు మొక్కాలి."

డబ్బా కింద పెట్టాను. ముప్పై ఏళ్లలో ఆ మాట నేను అనుకోలేదనుకోకండి. అనుకుని, వెంటనే ఇంకో పనిలో పడేవాడిని.

నేను డబ్బా దించానని చూసి ఇంకా దగ్గరికి జరిగాడు. "వేణికి కూడదను. సభలో లేచి నిలబడి నా తప్పు ఒప్పుకుంతాను. నూకాలు పేరు మీదున్న ఆ మాట రిజిస్టరులోంచి నా చేత్తోనే కొట్టెత్తాను. నువ్వు సరే అన్నావో, నాను నోరిప్పను. ముప్పై ఏళ్లు దాటింది, విచారణ లేదు. నీ కాగితం నువ్వు చదువుకో."

గుమ్మం దగ్గర వేణి ఇదంతా వింటూనే ఉంది.

"బాగుంది," అంది. "ముసలోళ్లిద్దరూ నా కడుపు మధ్యలో పెట్టుకొని బేరమాడుకుంతన్నారు."

ఏడో రోజు

పద్నాలుగు డబ్బాలు. నాలుగు జల్లెడలు. చివరి రోజు.

నిజం రాస్తాను. రాత్రి నుంచీ ఒకటే ఆశ. ఒక్క "కూడదు" చెబితే చాలు, నా నూకాలు పేరు కడిగినట్టయిపోతుంది. అజాగ్రత్త అన్న మాట పోతుంది. ఊరందరి ముందు వాడు తల దించుతాడు. వేణికి ఏమవుతుంది? గట్టి పిల్ల, కంటుంది, పెంచుతుంది. పైగా లోపలున్నదీ ఒక ప్రాణమే కదా. నాయుడు ఎంత దొంగ అయినా ఆ మాట మాత్రం అబద్ధమని నేను అనలేను, నా అరచేతి మీద తన్ను పడిన రెండో రోజు నుంచీ అసలే అనలేను. ఇన్ని కారణాలు దొరికాయి నాకు. మనిషికి కావాలంటే కారణాలు ఎంత సులువుగా దొరుకుతాయో!

మధ్యాహ్నం మడి గట్టు మీద అసిరమ్మ, వేణి, నేను కూర్చుని అంబలి తాగాం. అసిరమ్మ తనంతట తానే చెప్పింది, "నానూ అడిగినాను ఒకప్పుడు. కూడదన్నారు. కన్నాను. ఆ కొడుకే ఇప్పుడు నన్ను చూసుకుంతన్నాడు. వాడంటే నాకు ప్రాణం. అయినా ఆవేళ నాను అడిగింది తప్పని ఎవులైనా అంటే వాళ్ల నోట్లో జల్లెడెడతాను."

వేణి నా వైపు తిరిగింది. "తాతా, నీకో మాట చెప్తాను. నువ్వు సరే అన్నా మా తాత మీద కోపంతో అనకు. కూడదన్నా ఆ కోపంతో అనకు. మీ తగువుకి నన్ను కర్రగా వాడుకోకు."

"మరెందుకనమంటావు?"

"నాను వద్దన్నానని."

ఇంటికి వెళ్లి చినుకుకి అంతా చెప్పాను. ఆరు రోజుల సంగతీ, డబ్బాల సంగతీ, బేరం సంగతీ. వాళ్లమ్మ సంగతి చెబుతుంటే ఏడ్చింది. నాయుడు నన్ను కాళ్లు మొక్కమన్నాడని చెప్పగానే కళ్లు తుడుచుకుంది.

"నాతోనూ అన్నాడు నాన్నా. పోయిన ఏడు వీధిలో ఆపి మరీ అన్నాడు. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"నువ్వేమన్నావు తల్లీ?"

"మా అమ్మ చావుకి నన్ను రసీదుగా చూపించొద్దన్నాను."

నేను తల వంచుకున్నాను. నా గడ్డం పట్టుకుని పైకెత్తింది, నేనేదో చంటివాడినైనట్టు.

"నేనున్నానని నీకు సంతోషం. అమ్మ పోయిందని కోపం. రెండూ పూర్తిగా పడు నాన్నా. ఒకటి చూపించి ఇంకోదాన్ని కొట్టెయ్యకు. ఇదిగో, ఈ కడుపు నాకు కావాలి. కావాలి గనక వాంతులైనా ముద్దుగానే ఉన్నాయి. వద్దనుకుని ఉంటే ఎలా ఉండేదో నువ్వు చెప్పగలవా? కన్న తండ్రివి, నువ్వే చెప్పలేవు. చీటీ తగిలినవాడు ఎలా చెబుతాడు?"

"మరి ఊరు? ఊరికీ హక్కుంది కదా?"

"ఊరు నాలుగు వందల మంది కదా. అమ్మ మెట్లు దిగుతుంటే ఒక్కరైనా ఒక్క డబ్బా పట్టుకున్నారా?"

"ఇదంతా సభలో చదివితే నిన్ను వేలెత్తి చూపిస్తారమ్మా. మోసంతో పుట్టిన పిల్ల అంటారు."

"చదువు. ఒక్క అక్షరం వదలకు. నాకు వినపడేలా చదువు, వెనక వరుసలో కూర్చుంటాను."

ఎనిమిదో రోజు

ఇది సభ అయ్యాక రాస్తున్నాను. కాగితాలు మిగిలాయి.

కూడబలుక్కుని చదివాను. మొదటి రోజు, రెండో రోజు. చినుకు కడుపులో బిడ్డ తన్నిన చోట వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. మూడో రోజు, నాయుడి పాత దినచర్య. "నాలుగో రోజు: జల్లెడలు కడిగాను, మడికి నీళ్లు పోశాను."

నేను అసిరమ్మ మాట దాకా ఇంకా రానే లేదు. సభలో ఒక మూల నుంచి ఒక ఆడమనిషి కిసుక్కున నవ్వింది. పక్కావిడ నవ్వింది. మడి పని తెలిసినవాళ్లు ఊళ్లో తొంభై మంది ఉంటారు. తొంభై మందీ నవ్వారు. పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి, ఆ కాగితంలో ఏముందో అర్థమైనవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో నేను మిగిలింది చదివాను.

నాయుడు లేచాడు. "ముప్పై ఏళ్లు దాటింది. విచారణ లేదు," అన్నాడు.

"విచారణ ఎవులడిగినారు నాయుడుగారూ?" అంది అసిరమ్మ కూర్చున్న చోటు నుంచే. "మేం నవ్వుకున్నాం, అంతే. దానికి కూడా గడువుందేటి?"

ఆ ముఖం చూడడానికి నేను ముప్పై ఏళ్లు బతికాను. చూశాను. తనివితీరా చూశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, పండగలా ఉంది.

తర్వాత సభాపెద్ద నా మాట అడిగాడు. "సరే" అన్నాను. కారణం చెప్పాలన్నారు. రాసుకోలేదు, నోటికి వచ్చింది చెప్పాను. "పని బరువైనది. తేలికైనదైనా నేను సరే అనేవాణ్ణే. ఆ పిల్ల మడి దగ్గర నేను ఏడు రోజులున్నాను. ఆ పిల్ల ఒంట్లో ఒక్క పూట కూడా లేను. వద్దని ఆమె అంది. అందుకని సరే."

రిజిస్టరులో నూకాలు పేరు పక్కన మాట అలాగే ఉంది. నాయుడు నోరిప్పలేదు. బయటికి వచ్చేటప్పుడు వేణి నా పక్కగా నడిచింది. దండం పెడుతుందేమో అనుకున్నాను.

"నాదైన దానికి నీ చేత సరే అనిపించుకోవాల్సి వచ్చింది తాతా," అంది. "అందుకని దండం పెట్టను. జల్లెడలు మాత్రం బాగా కడిగినావు."

పదో రోజు

నిన్న వేణికి వైద్యశాలలో అయిపోయింది. బాగానే ఉంది. పడుకుని వడియాలు అడుగుతోందట.

"సరే" పడ్డాక ఆమె మరో ఏడు రోజులు బరువు ఎత్తకూడదు. ఆ ఏడు రోజుల పనీ ఆమె ఇంటివాళ్లది. ఆ ఇంట్లో మిగిలింది నాయుడొక్కడే. మోకాలు నొప్పి అన్నాడట, వయసన్నాడట, వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడట. అసిరమ్మ డబ్బా తెచ్చి వాడి గుమ్మంలో పెట్టి వెళ్లింది. తలుపుల్లోంచి ఊరంతా చూస్తోంది.

నేను పొద్దున్నే పీట తీసుకెళ్లి మెట్ల దగ్గర వేసుకున్నాను. చినుకు కూడా నా పక్కన వచ్చి కూర్చుంది.

మొదటి డబ్బా సగం ఒలకబోశాడు. "మడికి చాలదు, మళ్లీ తీసుకురా" అంది అసిరమ్మ కింద నుంచి. రెండోది గోడ పట్టుకుని దించాడు. మూడోదానికి ఇరవయ్యో మెట్టు మీద డబ్బా పెట్టి, పక్కనే కూలబడ్డాడు. మీసం రంగు చెమటకి కారి గడ్డం మీదికి వచ్చింది. చినుకు నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, లేచి పట్టుకో నాన్నా అని. నేను లేవలేదు.

"సన్యాసీ," అన్నాడు రొప్పుతూ. "సభ పిలిపించు. ఇప్పుడే. ఒప్పుకుంతాను. నూకాలు పేరు కాడ ఆ మాట కొట్టెత్తాను. ఈ డబ్బా మాత్రం ఇంకెవులికైనా ఇయ్యి."

ముప్పై ఏళ్లుగా ఏటా నేను అడిగిన మాట. ఒక్కసారి తల ఊపితే చాలు, ఈ పూటే అయిపోతుంది.

"ఏటని ఒప్పుకుంతావు నాయుడూ?"

"నూకాలు పని నాను చెయ్యలేదని."

"ఆ పనేటో నీకు తెలుసా?"

వాడు మెట్లకేసి చూశాడు. ఇంకా నలభై మెట్లు.

"ముందు ఏడు రోజులూ చెయ్యి. ఎనిమిదో నాడు ఒప్పుకో. అప్పటికి నువ్వు ఎగ్గొట్టిందేటో నీకు తెలుస్తాది. తెలియకుండా ఒప్పుకుంతే అదీ నీ పాత కాగితంలాంటిదే."

"ఏడు రోజుల్లో చచ్చిపోతానురా."

నాయుడు గోడ పట్టుకుని లేచాడు, డబ్బా ఎత్తాడు. దారికి అడ్డం లేకుండా నా పీట కాస్త పక్కకి జరుపుకున్నాను.